సాగర్ బ్యాక్‌వాటర్ దగ్గర గోల్ఫ్ విల్లా ప్లాట్లు: కొనేముందు, అమ్మేముందు హిల్టన్ హెడ్ అసలు కథ

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దేవరకొండ అవతల నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ కనపడేచోట గోల్ఫ్ రిసార్ట్ కమ్యూనిటీ వస్తోందని, గజాల లెక్కన ప్లాట్లు అమ్ముతున్నారని రాశారు. "అమెరికాలోని హిల్టన్ హెడ్ దీవి కూడా ఒకప్పుడు అడవే, ఇప్పుడు చూడండి" అని బ్రోచర్లో ఉందట. మీరు రెండు వందల గజాలు కొందామనుకుంటున్నారు. ఆ పక్కనే ఉన్న మీ మేనమామ ఆరెకరాల చెలకను కూడా వాళ్ళే అడుగుతున్నారు. సముద్రం ఒడ్డున అలాంటి ఊళ్ళు ఎలా తయారయ్యాయి, మన దగ్గర అలా అవుతుందా అన్నది మీ ప్రశ్న.

నేను ఇరిగేషన్ శాఖలో ముప్ఫై ఏళ్ళు పైన పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం నల్గొండ జిల్లాలోనే. ఆ తరువాత కొన్నేళ్ళు లేఅవుట్ల డ్రైనేజీ, లెవెల్స్ పని చూశాను. మా అమ్మాయి జార్జియాలో సవానా ఊళ్ళో ఉంటుంది. హిల్టన్ హెడ్ అక్కడికి గంట ప్రయాణం. రెండుసార్లు వెళ్ళి చూశాను, దాని గురించి దొరికినంత చదివాను. బ్రోచర్లో రాసింది అబద్ధం కాదు, కానీ అందులో సగం కథే ఉంది. మిగతా సగమే మీ మామయ్యకు అవసరం.

ముందు అక్కడ జరిగింది చెప్తాను. హిల్టన్ హెడ్ సౌత్ కరోలినా రాష్ట్రంలో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న దీవి. ఒకప్పుడు అక్కడ బానిసలతో పత్తి పండించేవాళ్ళు. అమెరికా అంతర్యుద్ధం మొదలైన ఏడాదే, 1861 నవంబరులో ఉత్తరాది సైన్యం దీవిని పట్టుకుంది. తోటల యజమానులు పారిపోయారు. మిగిలిన నల్లజాతివాళ్ళు 1862లో మిచెల్‌విల్ అనే సొంత ఊరు కట్టుకున్నారు. పిల్లల్ని బడికి పంపడం తప్పనిసరి అని తీర్మానం చేసుకున్న ఊరు అది. వాళ్ళ వారసులనే గల్లా ప్రజలు అంటారు. యుద్ధం అయ్యాక వాళ్ళు ఎకరం, పదెకరాలు కొనుక్కుని చేపలు పట్టుకుంటూ, కూరగాయలు పండించుకుంటూ తొంభై ఏళ్ళు అక్కడే బతికారు. దీవికి వంతెన లేదు. కరెంటు 1950 దాకా రాలేదు. బయటివాళ్ళకు దానితో పెద్దగా పనిలేదు.

1949లో జార్జియా నుంచి కొందరు కలప వ్యాపారులు వచ్చి పైన్ చెట్ల కోసం వేల ఎకరాలు కొన్నారు. ఎకరం సుమారు 60 డాలర్లు. వాళ్ళలో జోసెఫ్ ఫ్రేజర్ ఒకరు. ఆయన కొడుకు చార్లెస్ ఫ్రేజర్ యేల్ యూనివర్సిటీలో లా చదివాడు. చెట్లు కొట్టి అమ్మడం కన్నా చెట్లు ఉంచి స్థలం అమ్మితే విలువ ఎక్కువ అన్న ఆలోచన ఆ కుర్రవాడిది. 1956లో దీవికి వంతెన పడింది. అదే ఏడాది దీవి దక్షిణపు కొసన సీ పైన్స్ అనే కమ్యూనిటీ పని మొదలుపెట్టాడు. మన సాగర్ డ్యాంకు నెహ్రూ గారు పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న. రెండూ ఇంచుమించు ఒకే కాలం నాటివి. అది నాకు ఎప్పుడూ గుర్తొస్తుంటుంది, ఎందుకో తరువాత చెప్తాను.

ఫ్రేజర్ చేసిన అసలు పని గోల్ఫ్ కాదు, కాగితం. ప్రతి ప్లాటు దస్తావేజులో పేజీలకు పేజీలు షరతులు రాయించాడు. ఏ చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. ఇంటి నమూనా కమిటీ చూసి ఒప్పుకోవాలి. గోడల రంగులు మట్టి, చెట్టు రంగుల్లో కలిసిపోవాలి. ఇసుక దిబ్బల మీద ఇల్లు కట్టకూడదు. ఈ షరతులు కొన్నవాడితో పోవు, భూమిని అంటిపెట్టుకుని ఉంటాయి. తరువాత కొన్నవాడికీ, వాడి వారసులకీ వర్తిస్తాయి. హిడియో ససాకి అనే ప్రసిద్ధ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ చేత ప్లాన్ గీయించాడు. సముద్రం పక్కన పొడుగ్గా రోడ్డు వేసి అటూ ఇటూ ఇళ్ళు పేర్చకుండా, ఒడ్డు వైపు పొట్టి వీధులు పెట్టి, మధ్యలో నడక దారులు వదిలారు. అందుకే వెనక వరసల్లోవాళ్ళకీ సముద్రానికి దారి ఉంది. సుమారు 5000 ఎకరాల్లో 605 ఎకరాలు అడవిగానే వదిలేశారు, ఈరోజుకీ ఉంది.

మరి గోల్ఫ్ ఎందుకు? ఇది ఇంజినీరుగా నాకు నచ్చిన విషయం, కొంచెం వివరంగా చెప్తాను. సముద్రం ఎదురుగా ఉండే ప్లాట్లు కొన్నే ఉంటాయి. ఒక్క వరస అమ్ముడుపోయాక వెనక ఉన్న వేల ఎకరాలకు అంత ధర రాదు. మధ్యలో గోల్ఫ్ కోర్సు మెలికలు తిప్పితే దానికి రెండువైపులా పచ్చిక కనపడే ప్లాట్లు కొత్తగా పుడతాయి. అంటే లోపలి భూమికి కూడా ఒక "ఫేసింగ్" తయారు చేశారన్నమాట. ఇంకొకటి, ఆ దీవి పల్లపు నేల, నాలుగడుగులు తవ్వితే నీరు. చెరువులు తవ్వి, ఆ మట్టితో ఫెయిర్‌వేలు (గోల్ఫ్ ఆడే పచ్చిక పట్టీలు), ఇంటి స్థలాలు ఎత్తు చేశారు. వాన నీరు చెరువుల్లోకి పోతుంది, చెరువు పక్క ప్లాటుకు మళ్ళీ ధర. ఒక్క తవ్వకంతో డ్రైనేజీ, పూడిక, అందం మూడూ తీరాయి.

మొదటి కోర్సు 1960 ప్రాంతంలో జార్జ్ కాబ్ అనే డిజైనర్ చేత చేయించారు. అసలు పేరు తెచ్చింది సీ పైన్స్‌లోనే ఉన్న హార్బర్ టౌన్ కోర్సు. ప్రసిద్ధ గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లస్ సలహాతో పీట్ డై అనే డిజైనర్ దాన్ని తీర్చిదిద్దాడు. 1969లో మొదటి హెరిటేజ్ టోర్నమెంట్ పెట్టారు, దాన్ని అప్పటి పెద్ద గోల్ఫ్ స్టార్ ఆర్నాల్డ్ పామర్ గెలిచాడు. దేశమంతా టీవీల్లో, పేపర్లలో దీవి పేరు మోగింది. పక్కన కట్టిన ఎరుపు తెలుపు చారల లైట్‌హౌస్ 1970లో పూర్తయింది. అంటే వంతెన నుంచి పేరొచ్చే దాకా 13 ఏళ్ళు పట్టింది. మీ బ్రోచర్లో మూడేళ్ళలో రేటు మూడింతలు అని రాసి ఉంటే, ఈ లెక్క పక్కన పెట్టుకుని చూడండి.

అదే 1969లో దీవికి ఎదురుగా ఒడ్డున బీఏఎస్ఎఫ్ అనే జర్మన్ కంపెనీ పెద్ద రసాయన ఫ్యాక్టరీ పెడతానంది. ఫ్రేజర్ లాంటి డెవలపర్లు, రొయ్యలు పట్టుకునే నల్లజాతి జాలర్లు కలిసి వ్యతిరేకించారు. చివరికి కంపెనీ వెళ్ళిపోయింది. నీరు పాడైతే ఇద్దరి బతుకూ పోతుందని ఇద్దరికీ తెలుసు. మన మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో వంకర్లు పోయిన కాళ్ళు చూసి పెరిగినవాళ్ళకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

తరువాత కష్టాలు. 1973 చమురు సంక్షోభం, ఆకాశానికి ఎక్కిన వడ్డీలు. అప్పుతో విస్తరించిన సీ పైన్స్ కంపెనీ 1974-75లో కుదేలైంది. ఫ్రేజర్ 1983లో అమ్మేశాడు. కొన్నవాళ్ళ చేతులు మారి 1986లో దివాలా కోర్టుకు చేరింది. 1987లో అక్కడ ఇళ్ళున్నవాళ్ళే చందాలు వేసుకుని కంపెనీ పెట్టి ఆస్తిని కొనుక్కున్నారు. వాళ్ళకు ఆ స్తోమత ఉంది కాబట్టి నిలబడ్డారు. పక్కనే డఫస్కీ అనే ఇంకో దీవి ఉంది. దానికి ఈరోజుకీ వంతెన లేదు, పడవలోనే వెళ్ళాలి. 1980ల్లో అక్కడా నిక్లస్ గీసిన కోర్సుతో మెల్రోజ్ అనే రిసార్ట్ వచ్చింది. 2009లో దివాలా తీసింది. కోర్సులో గడ్డి, పొదలు మొలిచాయి. అదే సముద్రం, అదే గాలి, గోల్ఫ్ గీసినవాడు ప్రపంచ ప్రసిద్ధుడు. దారి లేకపోతే ఇవేవీ నిలబెట్టవని అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు బ్రోచర్లో లేని సగం. వంతెన పడ్డాక గల్లా కుటుంబాల భూములు కరిగిపోయాయి. అందరూ మోసపోయి అమ్మలేదు. కొందరు మంచి ధరకే అమ్ముకున్నారు. ఇంకొందరు పన్నులు పెరిగి కట్టలేక పోగొట్టుకున్నారు. కానీ ఎక్కువ నష్టం చేసింది ఒక చిన్న సంగతి. తాత పేరు మీద ఉన్న భూమి, వీలునామా లేదు, కోర్టులో వారసత్వం రాయించుకోలేదు, పంపకం కాగితం లేదు. చట్టం ప్రకారం మనవలు, మునిమనవలు అందరూ ఉమ్మడి హక్కుదార్లు. ఎక్కడో న్యూయార్కులో ఉన్న ఒక్క మనవడు తన వాటాను బయటివాడికి అమ్మితే, ఆ బయటివాడు కోర్టుకెళ్ళి మొత్తం భూమిని వేలం వేయించగలిగాడు. వేలంలో కొనే శక్తి ఆ ఊళ్ళో ఎవరికి ఉంటుంది? ఇలా చేయడాన్ని కొంతైనా అడ్డుకునే చట్టం సౌత్ కరోలినాలో 2016లో గానీ రాలేదు. అప్పటికి వంతెన పడి అరవై ఏళ్ళు.

హార్బర్ టౌన్‌లో విల్లాల మధ్య బ్రాడక్స్ పాయింట్ అని గల్లావాళ్ళ శ్మశానం ఉంది. నేను సీ పైన్స్ గేటు దగ్గర డబ్బు కట్టి లోపలికెళ్ళి చూశాను. చుట్టూ అందమైన ఇళ్ళు, మధ్యలో పాత సమాధులు. తమ పెద్దల సమాధి దగ్గరికి వెళ్ళాలన్నా వాళ్ళ పిల్లలు ఆ గేటు దాటే రావాలి. అక్కడ నిలబడ్డప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ పుట్టిన ఊరు సాగర్ ముంపులో పోయింది. ఎండాకాలం నీరు బాగా దిగిన ఏడు మా మేనమామ నన్ను తీసుకెళ్ళి, బురదలో తేలిన రాళ్ళ వరస చూపించి, ఇదిరా మీ తాత ఇల్లు అన్నాడు. సాగర్ వల్ల లక్షల ఎకరాలు పండాయి, ఆ పనిలోనే నేను జీతం తీసుకున్నాను, దాన్ని తప్పుపట్టను. కానీ ఆ ఒడ్డున ఏది కట్టినా, ఆ భూమి ఎవరి చేతి నుంచి ఎలా వచ్చిందో అడగకుండా ఉండలేను.

ఇక మన సంగతికి వద్దాం. మొదట నీరు.

సముద్రానికీ రిజర్వాయరుకీ ఒక పెద్ద తేడా ఉంది. హిల్టన్ హెడ్ దగ్గర ఆటుపోట్లకు నీరు రోజుకు ఏడెనిమిది అడుగులు ఎక్కి దిగుతుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. కాలువలకు వాడుకునే కనీస మట్టం 510. అంటే 80 అడుగుల తేడా. మీరు చూసిన చోట ఒడ్డు వందడుగులకు రెండడుగుల వాలు ఉందనుకోండి, 40 అడుగుల నీరు దిగితే ఒడ్డు 2000 అడుగులు వెనక్కి పోతుంది. బ్రోచర్ ఫొటో సెప్టెంబరులో, అక్టోబరులో తీసి ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ కనపడేది పగుళ్ళు బారిన ఒండ్రుమట్టి. పైగా ఆ ఖాళీ నేల ప్రభుత్వానిది, ముంపు కింద సేకరించినది. మీ ప్లాటుకూ నీటికీ మధ్య ఉన్న ఆ జాగాలో కంచె వేయడానికి, పచ్చిక పెంచడానికి ఏ కంపెనీకీ హక్కు ఉండదు.

గోల్ఫ్ నీటి లెక్క కూడా చూడండి. 18 హోల్స్ కోర్సుకు మామూలుగా 120 నుంచి 180 ఎకరాలు కావాలి. అందులో రోజూ తడపాల్సిన పచ్చిక 60 ఎకరాలే అనుకుందాం. మన ఎండాకాలంలో గడ్డి బతకడానికి రోజుకు 5 మిల్లీమీటర్లు తక్కువలో తక్కువ. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే సుమారు 4,047 లీటర్లు. మొత్తం రోజుకు 12 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 240. హిల్టన్ హెడ్‌లో ఏడాదికి సుమారు 1200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, మనకు 700 చిల్లర. అక్కడ కూడా భూగర్భ జలాల్లోకి ఉప్పునీరు చొరబడి బావులు మూసేశారు. ఇప్పుడు చాలా కోర్సులకు మురుగునీటిని శుద్ధి చేసి వాడుతున్నారు. వేల ఇళ్ళుంటే మురుగునీరు ఉంటుంది. ఇక్కడ ఇళ్ళే లేకుండా ఆ నీరు ఎక్కడి నుంచి తెస్తారు? సాగర్ నుంచి మోటార్లు పెట్టి తోడుకోవడానికి అనుమతి చూపించమనండి. బోర్లు వేస్తాం అంటే, ఆ చుట్టుపక్కల తండాల్లో తాగే నీరు ఏమవుతుందో అడగండి.

ఇది ఊహ కాదు. రిటైరయ్యాక నేను పనిచేసిన ఒక వెంచర్లో తొమ్మిది హోల్స్ గోల్ఫ్ అని అమ్మారు. నేల కింద అంతా గ్రానైట్, పొక్లెయిన్ పళ్ళు విరిగేవి. హిల్టన్ హెడ్‌లో తవ్విన మట్టి లాభం, ఇక్కడ ప్రతి గుంతకూ బ్లాస్టింగ్ ఖర్చు. నీళ్ళు చాలవని లెక్క రాసి ఇచ్చాను. రెండో ఎండాకాలానికి పచ్చిక మాడిపోయింది, బోర్లు ఏడు వందల అడుగులకు దిగినా దుమ్మే. గోల్ఫ్ భూమి కంపెనీ పేరు మీదే ఉంది కాబట్టి దాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్మేశారు. కొన్నవాళ్ళలో మా బావమరిది ఉన్నాడు, నన్ను చూసే కొన్నాడు. ఆ లెక్కను అప్పుడే నలుగురికీ చెప్పకుండా కంపెనీకి ఇచ్చి ఊరుకున్నందుకు ఈరోజుకీ బాధపడతాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీ రెండు వందల గజాల గురించి. ఆ భూమికి వ్యవసాయేతర మార్పిడి అయిందా, డీటీసీపీ (ప్రభుత్వ టౌన్ ప్లానింగ్ శాఖ) లేఅవుట్ అనుమతి ఉందా, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందా చూడండి. గుంటల లెక్కన "ఫామ్ ప్లాట్" అంటే, అది వ్యవసాయ భూమిలో వాటా మాత్రమే, ఇల్లు కట్టే హక్కు కాదు. రెరాలో నమోదై ఉంటే వెబ్‌సైట్లో ప్లాన్ దొరుకుతుంది. అందులో గోల్ఫ్ కోర్సు ఉమ్మడి స్థలంగా చూపించారా, లేక కంపెనీ సొంత ఆస్తిగా మిగుల్చుకున్నారా అన్నదే ముఖ్యం. సీ పైన్స్‌లో నిలబడింది దస్తావేజులో రాసిన షరతు. మీ సేల్ డీడ్ నమూనా అడిగి, అందులో గోల్ఫ్ అనే మాట ఎన్నిసార్లు ఉందో చూడండి. బ్రోచర్‌ను మాత్రం దాచిపెట్టుకోండి, అందులో చెప్పినది తప్పని తేలితే రెరా చట్టం 12వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు. చందంపేట, నేరేడుగొమ్ము వైపు అయితే అటవీ హద్దులు కూడా తప్పక తెలుసుకోవాలి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం నల్గొండ జిల్లాలోకి కూడా వస్తుంది. నన్నడిగితే ఈ కాగితాలన్నీ చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

మీ మామయ్య భూమి గురించి నాకు ఎక్కువ టెన్షన్. ఆరెకరాలు ఆయన పేరు మీదే ఉందా, ఇంకా మీ తాతగారి పేరు మీదే ఉందా? ఫౌతీ, అంటే చనిపోయినవారి పేరు నుంచి వారసుల పేరుకు మార్పిడి, చేయించుకున్నారా? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మధ్య పంపకం రిజిస్టర్ అయిందా, లేక ఊళ్ళో పెద్దమనుషుల మాట మీద గట్లు వేసుకున్నారా? మీ అమ్మగారి వాటా సంగతేంటి? మన చట్టంలో కూడా పంపకం కాని వాటా కొన్నవాడు పంపకం దావా వేయొచ్చు. కంపెనీవాళ్ళు ముందు మీ మామయ్య దగ్గరికి రారు. హైదరాబాదులోనో సూరత్‌లోనో అప్పుల్లో ఉన్న ఒక పాలివాణ్ణి వెతుక్కుని, అతని వాటా అగ్రిమెంటు రాయించుకుంటారు. ఆ తరువాత మీ మామయ్యకు మిగిలేది కోర్టు వాయిదాలు. గల్లా కుటుంబాలకు జరిగింది సరిగ్గా ఇదే.

అందులో ఏదైనా భాగం లావణి పట్టా (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి) అయితే విషయం వేరు. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అమ్మడానికి వీల్లేదు, అమ్మినా చెల్లదు. కొందరు దళారులు ఇది చెప్పి భయపెట్టి, ప్రభుత్వం ఎలాగూ తీసుకుంటుంది, వచ్చిందే చాలు అని తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. తండాల్లో ఇది నేను కళ్ళారా చూశాను. సాదా బైనామా (రిజిస్టర్ కాని మామూలు కాగితం) మీద కొన్న చెలక అయితే అది క్రమబద్ధం అయిందో లేదో ముందు తేల్చుకోవాలి.

చేయాల్సింది వరుసగా చెప్తాను. ముందు పాత పహాణీల (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసే రికార్డుల) నకళ్ళు తీయించండి, వీలైతే 1954-55 ఖాస్రా పహాణీ నుంచి. ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో ఇప్పుడున్న వివరంతో సరిపోలుతుందో చూడండి. ఈసీ (భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయండి. ఇంట్లో అందరూ ఒక ఆదివారం కూర్చుని, ఆడపిల్లల వాటాతో సహా పంపకం తేల్చుకుని రిజిస్టర్ చేయించండి. ఇది ఈ వేసవిలోపే కావాలి. ఆ తరువాత అమ్మాలా వద్దా అన్నది మీ మామయ్య ఇష్టం. అమ్మినా తప్పులేదు, ధర తెలిసి, కాగితం చేతిలో ఉండి అమ్మాలి. మొత్తం అమ్మకుండా లీజుకు ఇవ్వడం, లేదా మూడెకరాలు ఉంచుకోవడం కూడా దారులే.

ఇంకొక పని, ఇది మీరే చేయాలి. మే నెల రెండో వారంలో పొద్దున్నే బండి మీద ఆ ప్లాటు దగ్గరికి వెళ్ళండి. అక్కడి నుంచి నీటి అంచు దాకా నడిచి, ఎంత దూరం ఉందో ఫోన్లో కొలవండి. ఆరోజు సాగర్ నీటిమట్టం పేపర్లో వేస్తారు. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి. ఏడాదిలో ఎన్ని నెలలు మీకు నీరు కనపడుతుందో నేను లెక్కవేసి చెప్తాను. మామయ్య పహాణీలో పట్టాదారు కాలంలో ఎవరి పేరుందో కూడా చూసి రండి, పేర్లు, సర్వే నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.